తలుపు లేని చోట తట్టిన చప్పుడు

మనిషి నోట్లోంచి వచ్చేది మాట. మిగతాదంతా బ్రాకెట్లో పెట్టు. ఇదీ బ్రాకెట్ బాబాయ్ ఉద్యోగధర్మం.

ఆ యూనివర్సిటీలో పాఠాలన్నీ వీడియోలు తీసి సైటులో పెడుతున్నారు. వినపడని పిల్లలూ చదువుకోవాలి కాబట్టి వీడియో కింద అక్షరాలు నడవాలి. ఆ అక్షరాలకి నడక నేర్పేవాడు ఇతను. మాస్టారు మాట్లాడితే మామూలుగా రాస్తాడు, దగ్గితే [దగ్గు] అని రాస్తాడు. బెంచీ కిర్రుమన్నా, ఎవడో ఆవలించినా, బయట వాన మొదలైనా అన్నీ చదరపు బ్రాకెట్లలోకి ఎక్కాల్సిందే. వినేవాళ్ళ చెవిన పడ్డ ప్రతిదీ చదివేవాళ్ళ కంట పడాలి. ఇది ముఖ్యం, ఇది కాదు అని ఏరే హక్కు రాసేవాడికి లేదు.

ఏళ్ళ తరబడి ఏరకుండా రాసి రాసి మనిషి అలాగే తయారయ్యాడు. ఇంట్లో కంచం ముందు కూర్చుని కూడా "కుక్కరు, మూడో కూత" అని గొణుగుతాడు.

"ఇంటికొచ్చేటప్పుడు ఆ చెవులు చెప్పుల పక్కన విడిచి రండి," అంటుంది భార్య. "నేను పదిసార్లు పిలిస్తే వినపడదు గానీ, పక్కింటి పంపు కారితే వినపడుతుంది!"

"నువ్వు పిలిచేది మాట. పంపుది బ్రాకెట్," అంటాడు బాబాయ్.

వాళ్ళ విభాగం జిరాక్సు గది వెనకాల, ఎవరో దాచిపెట్టి మర్చిపోయినట్టుంటుంది. గుమ్మం మీద 'అందరికీ అందుబాటు' అని బోర్డు. ఆ గుమ్మం దాకా రావాలంటే మాత్రం నాలుగు మెట్లు దిగాలి. లోపల ఉండేది ముగ్గురు. బాబాయ్ ఒకడు. రెండో మనిషి డేగ. ఆ అమ్మాయికి పుట్టుకతో వినపడదు. బాబాయ్ రాసినదంతా చదివి, ఇక్కడ ఆలస్యమైంది, ఇక్కడ అర్థం కాలేదు అని తప్పులు పట్టడం ఆమె పని. ఆ కంటి నుంచి కామా కూడా తప్పించుకోలేదు కాబట్టి ఆ పేరు. సగం చేతుల్తో, సగం నోటితో మాట్లాడుతుంది. తన గొంతు తనకి వినపడదు గనక, ఆమె రహస్యం చెబితే పక్క గదిలో జిరాక్సు మిషను కూడా కాసేపు ఆగి వింటుంది. మూడో మనిషి సెక్షన్ ఆఫీసరు. ఏది అడిగినా "ఓకే" అంటాడు, ఏదీ కాదు. అందుకని ఓకే సార్.

ఆ సోమవారం ఓకే సార్ వచ్చి, "రాళ్ళ మాస్టారి పాఠాలు ఈ వారంలో సైటుకెక్కాలి. ప్రతి వీడియో పక్కన, అక్షరాలు ఉన్నాయని పచ్చ టిక్కు కనపడాలి. పరీక్షల ముందు పిల్లలకి ఆ వీడియోలే దిక్కు, మనకి ఆ టిక్కే దిక్కు," అని వెళ్ళిపోయాడు.

రాళ్ళ మాస్టారంటే భూమి పొరల గురించీ రాళ్ళ గురించీ చెప్పే పెద్ద ప్రొఫెసరు. రిటైరైనా వదలకుండా మళ్ళీ పిలిపించుకున్నారు. రాళ్ళు కరిగేలా చెబుతాడని పేరు. బాబాయ్ హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటి పాఠం పెట్టాడు. మాస్టారు చేతిలో ఒక నల్లరాయి తిప్పుతూ, అది ఎంత లోతునుంచి వచ్చిందో చెబుతున్నాడు. మధ్యలో, ఠక్ ఠక్.

కాసేపాగి మళ్ళీ, ఠక్ ఠక్ ఠక్.

మాస్టారు ఆగలేదు. ముందు బెంచీల్లో ఒక్క తలా వెనక్కి తిరగలేదు. బాబాయ్ వేళ్ళు వాటంతటవే కొట్టాయి: [తలుపు తట్టిన చప్పుడు]. రెండో పాఠంలోనూ అంతే. మూడో దాంట్లోనూ. సాయంత్రం అయ్యేసరికి వేళ్ళకి ఆ ముక్క అలవాటైపోయింది.

"బాబాయ్!" అని కేకేసింది డేగ. పాపం మెల్లగానే పిలిచాననుకుంది. "ఎవరు తడుతున్నారు?"

"ఎక్కడ?"

"నువ్వే రాశావు కదా, ప్రతి పాఠంలోనూ. ఎవరో తలుపు తడుతున్నారు. ఎవరూ తీయట్లేదు. ఎవరు?"

చప్పుడు చెవికి తట్టింది. వేళ్ళకి తట్టింది. ఎవరు తట్టారన్నది మాత్రం బుర్రకి తట్టనే లేదు.

"నీకు వినపడుతుంది కదా, నీకు తెలియదా?" అంది డేగ. నిజంగానే అడుగుతోంది. వినపడేవాళ్ళకి అన్నీ తెలుస్తాయని ఆమెకి ఇంకా కొంచెం నమ్మకం ఉంది.

మర్నాడు మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరూ వెళ్ళి చూశారు. ఎత్తయిన మెట్లెక్కి లోపలికి వెళ్తే పక్కనే మాస్టారి వేదిక, ఎదురుగా బెంచీలు. ఒకవైపు అద్దాల కిటికీలు, వాటికి నల్ల తెరలు. ఇంకోవైపు గోడ. వెనక్కి నడిచారు. వెనక గోడ మొత్తం, ఈ చివర నుంచి ఆ చివరకి, బూడిదరంగు స్పాంజి పలకలు అతికించి ఉన్నాయి. గుడ్ల అట్టల్లా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. రికార్డింగులో చప్పుడు తిరిగి మోగకుండా పెట్టినవి. మధ్యలో, పిల్లలడిగే ప్రశ్నలు వినపడాలని ఒక చిన్న మైకు బిగించి ఉంది.

తలుపు లేదు.

"గోడలకి చెవులుంటాయని విన్నాను," అన్నాడు బాబాయ్ మైకు వైపు చూస్తూ. "చేతులు కూడా ఉంటాయని ఎవరూ చెప్పలేదు."

పిడికిలి బిగించి స్పాంజి మీద కొట్టాడు. చెయ్యి మెత్తగా దిగబడింది గానీ చప్పుడు రాలేదు. ఇంకోసారి గట్టిగా కొట్టాడు. ఆకలిగా ఉన్న నోట్లో ముద్ద పెట్టినట్టు ఆ గోడ దెబ్బని మింగేసింది. "ఎవరైనా ఉన్నారా?" అన్నాడు నవ్వులాటకి. తన గొంతు తన నోటి దగ్గరే ఆగిపోయింది. ఎవరో వెనకనుంచి తన చెవులు మూసినట్టు ఉంది. ఆ హాల్లో ఇబ్బంది పడనిది డేగ ఒక్కతే.

"తలుపు లేదు కదా, మరి తలుపు అని ఎందుకు రాశావు?" అంది ఆమె. "నువ్వు చూడలేదు. విన్నదే రాయాలి."

గదికి తిరిగొచ్చి, రాసిన ప్రతిచోటా 'తలుపు' తీసేశాడు. [తట్టిన చప్పుడు] అని మిగిలింది. తలుపు ఉన్నప్పుడు ఎవడో పనికిమాలినవాడు తడుతున్నట్టుండేది. తలుపు పోయాక అదే మాట చూస్తే మెడ వెనక చల్లగా అనిపించింది.

ఆ సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతూ అంతా విని, "మనుషులు తడితే తలుపు తీస్తారు. మనుషులు కానివాళ్ళు తడితే తీయరు. మీ మాస్టారు తీయలేదంటే ఆయనకి ఏదో తెలిసే ఉంటుంది," అంది.

"తీయడానికి తలుపుంటేగా!"

"అయితే మరీ మంచిది, లోపలికి రాదు," అని దుప్పటి రెండో కొస అతని చేతికిచ్చింది. బాబాయ్ నవ్వబోయాడు. పై వాటాలో ఎవరో మేకు కొట్టారు. దుప్పటి కొస చేతిలోంచి జారిపోయింది.

బుధవారం పొద్దున్నే డేగ ఇంకో తప్పు పట్టింది. "పాఠం ముందర మాస్టారి పెదాలు కదులుతున్నాయి. కింద అక్షరాలు లేవు."

"అది హాజరమ్మా. నంబర్లు పిలుస్తాడు, పిల్లలు పలుకుతారు. అదెందుకని వదిలేశాను."

"ఏరకూడదు అన్నావు కదా?"

పాఠాలు చెప్పేవాళ్ళకి పాఠం చెప్పే పిల్ల ఇది. బాబాయ్ వెనక్కి తిప్పి మొదటినుంచీ పెట్టాడు. మాస్టారు చెవిలో ఏదో చిన్న గుండీ లాంటిది సర్దుకుని, కళ్ళజోడు ఎత్తి, నంబర్లు పిలవడం మొదలెట్టాడు. ప్రతి నంబరుకీ ఒక గొంతు పలుకుతోంది. ఒకటి బొంగురు, ఒకటి కీచు, ఒకటి నిద్రమత్తు. బాబాయ్ రాసుకుంటూ పోతున్నాడు.

"ముప్పై ఏడు."

గొంతు లేదు. ఆ ఖాళీలో, ఠక్ ఠక్.

"ముప్పై ఎనిమిది." "ప్రెజెంట్ సార్."

బాబాయ్ చెయ్యి మౌసు మీదే ఆగింది. ఇంకో రోజు పాఠం తెరిచాడు. ముప్పై ఏడు. ఠక్ ఠక్. ఇంకో రోజు. ముప్పై ఏడు. ఈసారి కాస్త ఆలస్యంగా, పరిగెత్తుకొచ్చినట్టు, ఠక్ ఠక్. చివరికి వచ్చేకొద్దీ నీరసపడింది. ఒకటే దెబ్బ. కానీ మొదటిరోజు ఒక్కటి మినహా ఏ రోజూ తప్పలేదు.

"ఏమైంది? మొహం అలా అయిపోయిందేం?" అంది డేగ.

బాబాయ్ చేతుల్తో చెప్పాడు. నోటితో చెప్పడానికి మనసొప్పలేదు. "పిలిస్తే పలుకుతోంది."

సరిగ్గా ఆ గడియలోనే ఓకే సార్ వచ్చి భుజం మీదుగా చదివాడు. "ముప్పై ఏడు. తట్టిన చప్పుడు. ముప్పై ఎనిమిది. ఇదేమిటయ్యా, నేలపొరల పాఠమా, నేలలో పూడ్చినవాళ్ళ పాఠమా? తీసెయ్."

"చప్పుడుంది సార్. ఉన్నది రాయాలి, అది రూలు."

"రూలు ఓకే. తీసెయ్యడం కూడా ఓకే. తనిఖీవాళ్ళు అడిగితే గోడ తట్టిందని చెబుతావా?" అని కాసేపు ఆలోచించాడు. "సరే, నువ్వు తీయకు. చప్పుడే తీయిస్తాను. సౌండు కడిగే సాఫ్ట్‌వేరు కొన్నాం కదా, మాట తప్ప మిగతా మురికంతా కడిగేస్తుంది." ఓకే సార్ ఏదైనా చేస్తానంటే చెయ్యడు. ఆ ఒక్కటీ చేశాడు.

అతను వెళ్ళిన కాసేపటికి మెట్ల పైనుంచి ఎవరో పిలిచారు. "లోపల ఎవరైనా ఉన్నారా? నేను దిగలేను. కాస్త పైకొస్తారా?"

బాబాయ్ బయటికొచ్చి తలెత్తి చూశాడు. మెట్ల పైన, గట్టు అంచున చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి. ఒళ్ళో సంచీ, చేతిలో మడతపెట్టిన కాగితం. ఎండలోంచి వచ్చినట్టు మొహమంతా చెమట.

"బోర్డు చూసి వచ్చాను అంకుల్. అందరికీ అందుబాటు అంటే నాకు కూడానేమో అని." నవ్వింది. "నాకు హాజరు సున్నా వేశారు. పరీక్ష రాయనివ్వరట. రిజిస్ట్రార్ మేడం ఎల్లుండి పిలిచారు, ఆవిడ కాదంటే ఏడాది పోయినట్టే. మీలాంటివాళ్ళెవరైనా ఒక మాట చెబితే..."

"మాది వీడియోల పని తల్లీ. నువ్వు భవనాలవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి."

"వెళ్ళాను. ర్యాంపు ఉంది, తలుపు ఉంది, ఇంకేం కావాలని రాసిచ్చారు. ఉన్నాయి, నిజమే. రోజూ ఆ ర్యాంపు ఎక్కి ఆ తలుపు దగ్గరికి వెళ్ళాను. తీస్తేగా!"

"ఏ క్లాసు?"

"రాళ్ళ మాస్టారిది."

బాబాయ్‌కి తరవాతి ప్రశ్న అడగాలనిపించలేదు. అడిగాడు. "నీ నంబరెంత?"

"ముప్పై ఏడు."

అతను ఆ అమ్మాయి మొహం చూడలేదు, చేతులు చూశాడు. మామూలు చేతులే. కుడిచేతి వేలి కణుపుల మీద చర్మం మాత్రం గట్టిపడి, కాస్త నల్లగా ఉంది.

డేగని కూడా పిలుచుకుని ముగ్గురూ హాలు వెనక్కి వెళ్ళారు. బాబాయ్ ఆ యూనివర్సిటీలో ఇన్నాళ్ళు పనిచేసి ఎప్పుడూ అటు రాలేదు. రావాల్సిన పనిలేదు, ముందర మెట్లున్నాయి కదా, కాళ్ళున్నాయి కదా. వెనక శుభ్రంగా ర్యాంపు. రెండువైపులా కమ్మీలు. నీలిరంగులో చక్రాల కుర్చీ బొమ్మ. ఎక్కితే ఎదురుగా ఆకుపచ్చ తలుపు. ఒకచోట మాత్రం రంగు పోయి లోపలి ఇనుము తేలింది. అరచెయ్యంత మేర. నిలబడ్డ మనిషి ఆ ఎత్తులో తట్టడు.

"ఎవరినైనా అడక్కపోయావా?"

"అడగకపోవడమేం! వాకిట్లో వాచ్‌మన్‌ని అడిగాను. రికార్డింగు మధ్యలో తలుపు తీయరమ్మా, ముందే రా అన్నాడు. ముందే వచ్చాను, తీయలేదు. క్లాసు పిల్లల్లో తెలిసినవాళ్ళెవరూ లేరు, ఫోన్లు ఆపేసి కూర్చుంటారు. మాస్టారికి మెయిల్ పెట్టాను. ఆఫీసు నుంచి జవాబొచ్చింది, 'వీడియోలు త్వరలో సైటులో పెడతాం' అని." తలుపు వైపు చూసింది. "లోపల స్పీకర్లు పెద్దవి అంకుల్. సన్నగా వినపడుతుంది. నా నంబరు పిలుస్తారు. తడతాను. ఇంకో నంబరు పిలుస్తారు."

"నేను లోపలికి వెళ్తాను. నేను వెళ్ళాక గట్టిగా తట్టు," అన్నాడు బాబాయ్.

చుట్టూ తిరిగి, ముందు మెట్లెక్కి, చివరి బెంచీలో గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఊపిరి బిగబట్టాడు. పదేళ్ళుగా పంపులు కారడం విన్న చెవులు. చీమ నడిచినా రాసిపెట్టే చెవులు. ఏమీ లేదు. స్పాంజి వాసన ఒక్కటే. తట్టడం మొదలెట్టలేదేమో అనుకుని లేచి బయటికి పరిగెత్తాడు. మూల తిరగ్గానే ఆ చప్పుడు అతని మొహానికి కొట్టింది. ఆ అమ్మాయి రెండు చేతుల్తో ఆ తలుపుని బాదుతోంది.

బయట తలుపు. లోపల గోడ. ఎవరూ అబద్ధం చెప్పలేదు. భవనాలవాళ్ళు బయటినుంచి చూసి తలుపుందన్నారు. రికార్డింగువాళ్ళు లోపలినుంచి చూసి గోడనుకున్నారు, పలకలతో కప్పేశారు. ఆ పలకకి బిగించిన మైకు ఒక్కటే ఆ తట్టడాన్ని విని, ఎవరికీ చెప్పకుండా ఫైల్లో దాచింది.

గురువారం బాబాయ్ ఆ ఫైలు తెరిచాడు. ముప్పై ఏడు. ఖాళీ. ముప్పై ఎనిమిది. మళ్ళీ పెట్టాడు. హెడ్‌ఫోన్లు చేత్తో నొక్కిపెట్టి విన్నాడు. కడిగేశారు. దగ్గులు లేవు, బెంచీల కిర్రు లేదు, వాన లేదు. మాస్టారి గొంతు ఒక్కటీ ఎక్కడో గాలి లేని చోటునుంచి వస్తోంది. పాత ఫైళ్ళ మీదే కొత్తవి ఎక్కించారు. ప్రతి పాఠంలోనూ తెర కింద అతని అక్షరాలు మాత్రం నిశ్శబ్దంలో వెలిగి ఆరిపోతున్నాయి. [తట్టిన చప్పుడు]. [తట్టిన చప్పుడు].

"చూశావా," అన్నాడు ఓకే సార్, ఈసారి మెత్తగా. "ఇప్పుడు రూలు నాది. లేని చప్పుడు రాయకూడదు కదా? తీసెయ్. నీ కాంట్రాక్టు కాగితం నా టేబుల్ మీదే ఉంది. అది కూడా ఓకే చెయ్యాలి నేను."

"తలుపు మీద పలకలు అతికించారు సార్. ఆ అమ్మాయి ఏడాది పోతుంది."

"అతికించమని సంతకం పెట్టింది నేను. నా ఉద్యోగం పోతుంది," అన్నాడు ఓకే సార్. అతను ఓకే అనకుండా మాట్లాడటం బాబాయ్ వినడం అదే మొదటిసారి.

"రేపటిదాకా ఉండనివ్వండి."

ఓకే సార్ వెళ్ళిపోయాడు. బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. తను నిజంగా విన్నాడా? ఇంట్లో పంపు విన్నట్టు, లేనివి కూడా వింటున్నాడేమో. సాక్ష్యం చెబుదామంటే ఉన్నవి రెండు చెవులు, వాటి మీద వాటికే నమ్మకం పోయింది.

డేగ మాత్రం పక్కన కూర్చుని చూస్తూనే ఉంది. నిన్నటి ఫైలుకీ ఇవాళ్టి ఫైలుకీ ఆమెకి తేడా ఏమీ లేదు. కడిగినదేదీ ఆమెది కాదు. ఉన్నట్టుండి బాబాయ్ మోచేతిని పట్టుకుంది.

"చెయ్యి," అంది. "మాస్టారి చెయ్యి చూడు."

శుక్రవారం రిజిస్ట్రార్ మేడం గదిలో పొడవాటి బల్ల. ఒక పక్క రాళ్ళ మాస్టారు, ఓకే సార్. ఇంకో పక్క ముప్పై ఏడు. గోడవారగా బాబాయ్, డేగ. మాస్టారు వీడియోలో కన్నా చిన్నగా, ముసలిగా ఉన్నాడు. వేళ్ళు బల్ల అంచుని తడుముతున్నాయి.

"నేనెవర్నీ బయట నిలబెట్టలేదమ్మా," అన్నాడు. "నలభై ఏళ్ళలో ఒక్కరిని కూడా."

"నేను నిలబడలేదు సార్, కూర్చునే ఉన్నాను," అంది ముప్పై ఏడు. ఎవరూ నవ్వలేదు.

"బయట తలుపుంటే తట్టిందని రుజువేమిటి? అసలు వచ్చిందని రుజువేమిటి?" అన్నాడు ఓకే సార్. "వీడియోలో చప్పుడుందని మావాడంటున్నాడు. వినండి." తెర మీద పాఠం పెట్టాడు. ముప్పై ఏడు. గది మొత్తం చెవి ఒగ్గింది. ముప్పై ఎనిమిది.

"నాకేం వినపడలేదు," అంది మేడం. బాబాయ్ వైపు తిరిగింది. "కింద మాత్రం తట్టిన చప్పుడు అని వస్తోంది. లేని చప్పుడు ఎందుకు రాశారు?"

"ఉండేది మేడం. కడిగేశారు."

"ఉండేది అనడానికి?"

ఓకే సార్ వీడియో ఆపబోయాడు.

"సౌండు తీసెయ్యండి!"

అద్దాలు అదిరాయి. డేగ లేచి నిలబడింది. "మీరు వింటున్నారు. అందుకే కనపడట్లేదు. సౌండు తీసేసి చూడండి. కింద అక్షరాలు వచ్చినప్పుడు మాస్టారి చెయ్యి చూడండి."

మేడం చెయ్యి ఊపింది. సౌండు తీసేశారు. తెర మీద మాస్టారు నోరు కదిలింది. కింద [తట్టిన చప్పుడు] అని వెలిగింది. మాస్టారి ఎడమచెయ్యి లేచి, చెవి దగ్గరికి వెళ్ళి, చెవిలో ఉన్న ఆ చిన్న గుండీని నొక్కింది. అక్షరాలు ఆరిపోయాయి. చెయ్యి దిగింది. పాఠం మధ్యలో మళ్ళీ వెలిగింది, మళ్ళీ చెయ్యి చెవికి వెళ్ళింది. కళ్ళు హాలు చివరికి ఒక్క క్షణం ఎగిరి, భయపడ్డట్టు కిందికి దిగాయి. ఇంకో రోజు పాఠం. చొక్కా మారింది. చెయ్యి మారలేదు. ఇంకో రోజు. పిల్లల్లో ఒక్కరూ వెనక్కి తిరగడం లేదు. ఆ హాలంతటిలో, రోజూ, ఆయన ఒక్కడే.

ఏ చప్పుడూ లేని ఆ గదిలో, తెర మీది చెయ్యి లేచినప్పుడల్లా బల్ల దగ్గర కూర్చున్న మాస్టారి చెయ్యి కూడా కొంచెం లేస్తోంది. ఆయన ఆ సంగతి చూసుకున్నాడు. రెండో చేత్తో దాన్ని పట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆపండి," అన్నాడు.

మేడం నీళ్ళ గ్లాసు జరిపింది. ఆయన ముట్టుకోలేదు.

"నాకు చెవి కాస్త మందం. రికార్డింగు కుర్రాడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పిల్లలడిగే ప్రశ్నలు వినపడాలని వెనక మైకుని నా చెవిలో ఉన్న వినికిడి మిషనుకి కలిపాడు. అందులో వినపడేది. నా ఒక్కడికే. రెండోరోజే, పాఠం అయి కెమెరా ఆపేశాక అడిగాను, ఎవరో తలుపు తడుతున్నారు చూడండర్రా అని. ఒకడు వెనక్కి తిరిగి చూసి, అక్కడ తలుపు లేదు సార్ అన్నాడు. అందరూ నవ్వారు." ఆయన గొంతు పాఠం చెప్పేటప్పటి గొంతు కాదు. "నంబరు పిలిస్తే గోడ పలుకుతోంది. నాకు మతి పోతోందనుకున్నాను. మా నాన్నకి అలాగే మొదలైంది. బయటికి పొక్కితే ఇక పాఠం చెప్పనివ్వరు. అందుకని గట్టిగా మాట్లాడాను. ఇంకా గట్టిగా."

"అవును సార్," అంది ముప్పై ఏడు. "మీరు గొంతు పెంచేవారు. మీకు నా మీద కోపమొచ్చిందనుకున్నాను." కుర్చీని ఆయన వైపు తిప్పుకుంది. "మీరు బయట దెయ్యముందని భయపడ్డారు. నేను లోపల ఉందని భయపడ్డాను. రోజూ నంబరు పెట్టి పిలుస్తుంది, తలుపు తీయదు."

మాస్టారు తల వంచుకున్నాడు.

మేడం పెన్ను తీసింది. హాజరు పూర్తిగా వేస్తామంది, పరీక్ష రాసుకోమంది. ఆ వీడియోలు తీసేసి మళ్ళీ తీయిద్దామని ఓకే సార్ గొణిగితే, "అవి నా పాఠాలు. చేతితో సహా ఉండనివ్వండి. కింద రాసినవి కూడా," అన్నాడు మాస్టారు. ఓకే సార్ ఓకే అనలేదు, కాదనీ అనలేదు.

"ఇంకేమైనా కావాలా అమ్మా?" అంది మేడం.

"ఆ గోడ ఇవాళే తీయండి," అంది ముప్పై ఏడు. "తీసేటప్పుడు నేను లోపల ఉండాలి. బయటినుంచి చాలా చూశాను."

ముందు మెట్ల మీద కుర్చీతో సహా ఆమెని నలుగురు మోసుకొచ్చి హాల్లో దించారు. వడ్రంగి ఉలి పెట్టి పలకలు ఊడదీశాడు. స్పాంజి చిరిగినప్పుడల్లా హాల్లోకి కొంచెం కొంచెంగా చప్పుడు తిరిగొచ్చింది. ముందు వాళ్ళ చెప్పుల చప్పుడు, తరవాత వాళ్ళ ఊపిర్లు. పలకల వెనక బూజు, బూజు వెనక తలుపు. గడియ ఎక్కడో నెత్తి మీద ఉంది. ఆ అమ్మాయికి లోపల ఉన్నా అందదు. బాబాయ్ మునివేళ్ళ మీద లేచి లాగాడు. తుప్పు రాలింది. తలుపు తెరుచుకోగానే ఎండా, రోడ్డు మీది హారన్లూ, ఎవరిదో తగువూ, కాకులూ ఒక్కసారిగా లోపలికి పడ్డాయి.

మాస్టారు గడప దాటి ర్యాంపు మీదికి వెళ్ళాడు. తలుపు మీద రంగు పోయిన చోటుని వంగి చూశాడు. వెనక్కి తిరిగాడు.

"నేను ఇక్కడుంటాను. తలుపు వేసెయ్యమ్మా."

"సార్, ఎండగా ఉంది," అన్నాడు బాబాయ్.

ముప్పై ఏడు చక్రాలు తిప్పుకుంటూ ముందుకొచ్చి, తలుపుని రెండు చేతుల్తో తోసి మూసేసింది. కుర్చీని తలుపుకి ఆనించి బ్రేకు వేసింది.

వడ్రంగి మేకులు ఏరడం ఆపేశాడు. బాబాయ్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఓకే సార్ ఒక బెంచీ మీద కూర్చుని, ముందు తలుపు వైపు చూశాడు గానీ లేవలేదు. డేగ దగ్గరికొచ్చి ఇనుము మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. తడితే ఆమెకి చేతికి తెలుస్తుంది.

చాలాసేపు గడిచింది. బయట ముసలాయన ఉన్నాడో, వెళ్ళిపోయాడో, పడిపోయాడో తెలియడం లేదు. బాబాయ్ ముందుకి కదిలాడు. ముప్పై ఏడు చెయ్యి అడ్డం పెట్టింది.

"తట్టట్లేదు," అంది డేగ. తను గుసగుసలాడాననే అనుకుంది. హాలంతా మోగింది.

"తడతారు," అంది ముప్పై ఏడు. "మొదటిరోజు నేనూ ఇలాగే చాలాసేపు ఊరుకున్నాను. క్లాసు జరుగుతోంది, మధ్యలో తడితే ఏం బాగుంటుందిలే అని. మొదటిరోజు ఎవరికైనా మొహమాటమే."